బీదర్, గుల్బర్గా, బీజాపూర్: ముందు ఎటు వెళ్లాలి, ఏది దేనితో కలపాలి

చలికాలం మొదలైతే చాలు, బంధువుల్లోనో ఆఫీసులోనో ఎవరో ఒకరు నన్ను ఇదే అడుగుతారు. "రెండు రోజులు సెలవు దొరికింది. గోల్కొండ, ఏడు గుంబజులు చాలాసార్లు చూశాం. ఈసారి బీజాపూర్ వెళ్లి గోల్ గుంబజ్ చూసొద్దామా?" నేను బీదర్ వెళ్లమంటాను. వాళ్ల ముఖంలో కొంచెం నిరాశ కనిపిస్తుంది. బీదర్ అంటే జహీరాబాద్ దాటాక వచ్చే ఊరు, అక్కడ గురుద్వారా ఉంటుంది, ఎయిర్‌ఫోర్స్ వాళ్లు ఉంటారు, అంతవరకే చాలామందికి తెలుసు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఒకటే రోజు ఉంటే బీదర్. మూడు రోజులుంటే గుల్బర్గా, బీదర్ కలిపి, అదీ గుల్బర్గాతో మొదలుపెట్టి. బీజాపూర్‌ని ఈ రెండింటితో కలిపి హడావుడిగా చూడొద్దు, దానికి వేరే ప్రయాణం పెట్టుకోండి. మూడూ ఒకే ట్రిప్పులో చుట్టేద్దామని బయల్దేరినవాళ్లు ఎక్కువ భాగం కారు అద్దంలోంచే చూసి వస్తారు. నేనూ మొదటిసారి అదే పని చేశాను. బీజాపూర్ చేరేసరికి పిల్లలు నిద్రలో ఉన్నారు, మాకు ఓపిక లేదు, అక్కడి సుల్తాన్ సమాధి ఇబ్రహీం రౌజా దగ్గర సాయంత్రం వెలుతురు పోయింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

పేర్ల గురించి ఒక మాట. 2014లో గుల్బర్గా కలబురగి అయింది, బీజాపూర్ విజయపుర అయింది. టికెట్ బుక్ చేసేటప్పుడు, మ్యాప్‌లో వెతికేటప్పుడు కొత్త పేర్లే కొట్టండి. ఇక్కడ మాత్రం మన నోట్లో నలిగిన పాత పేర్లే వాడుతున్నాను.

అసలు ఈ మూడు ఊళ్లూ ఒక కథలో మూడు భాగాలు. 1347లో ఢిల్లీ తుగ్లక్‌ల మీద తిరగబడిన సర్దారులు దక్కన్‌లో సొంత రాజ్యం పెట్టుకున్నారు. అల్లావుద్దీన్ హసన్ బహమన్ షా సుల్తాన్ అయ్యాడు, గుల్బర్గా రాజధాని అయింది. దాదాపు ఎనభై ఏళ్ల తరవాత అహ్మద్ షా రాజధానిని బీదర్‌కి మార్చాడు. పదిహేనో శతాబ్దం చివరికి రాజ్యం ముక్కలైంది. బీజాపూర్‌లో ఆదిల్‌షాహీలు, బీదర్‌లోనే బరీద్‌షాహీలు, అహ్మద్‌నగర్‌లో నిజాంషాహీలు, బేరార్‌లో ఇమాద్‌షాహీలు, గోల్కొండలో మన కుతుబ్‌షాహీలు. గోల్కొండలో వంశం స్థాపించిన సుల్తాన్ కులీ ముందు బహమనీల కొలువులో పనిచేసినవాడే. అంటే హైదరాబాద్ వాళ్లకి బీదర్ ఒకరకంగా పుట్టిల్లు. పైగా బీదర్, గుల్బర్గా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉన్నాయి. ఇప్పటికీ ఆ ఊళ్లలో మన హైదరాబాదీ హిందీతో పని నడిచిపోతుంది, బీదర్ బజారులో తెలుగు కూడా వినిపిస్తుంది. గుల్బర్గా, బీదర్, బీజాపూర్, హైదరాబాద్ కట్టడాలు నాలుగూ కలిపి దక్కన్ సుల్తానుల కట్టడాలుగా 2014 నుంచి యునెస్కో తాత్కాలిక జాబితాలో ఉన్నాయి.

దూరాలు ఇలా ఉంటాయి. హైదరాబాద్ నుంచి బీదర్ సుమారు 140 కిలోమీటర్లు, గుల్బర్గా 220, బీజాపూర్ 380 దాకా. బీదర్ నుంచి గుల్బర్గా 110, గుల్బర్గా నుంచి బీజాపూర్ 160. నిర్ణయంలో సగం ఈ అంకెలే చేసేస్తాయి.

బీదర్: ఒక్కటే చూడగలిగితే ఇదే

బీదర్‌ని ముందు పెట్టడానికి దగ్గరగా ఉండటం ఒక్కటే కారణం కాదు. మూడింటిలోనూ ఇక్కడే వైవిధ్యం ఎక్కువ. కోట, రాజమహళ్లు, మదర్సా, సమాధులు, బతికున్న ఒక చేతిపని, ఇవన్నీ నాలుగైదు కిలోమీటర్ల లోపలే. ఊరు పీఠభూమి మీద ఉంటుంది కాబట్టి గాలి కాస్త చల్లగా తగులుతుంది.

కోటలోకి కారు, ఆటో వెళ్తాయి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి ఇది చాలా పెద్ద సాయం. ఎర్రటి లాటరైట్ రాయిని తొలిచి మూడు వరసలుగా తవ్విన అగడ్తని లోపలికి వెళ్లే ముందే ఆగి చూడండి. కట్టిన గోడలు ఎక్కడైనా ఉంటాయి. ఇది నేలనే కోటగా చెక్కిన పని. లోపల సోలా ఖంబ్ మసీదు ఉంది, పదహారు స్తంభాల పేరు మీద. దక్కన్‌లోని పాత మసీదుల్లో ఇదొకటి. ఆ వరస స్తంభాల మధ్య నిలబడితే మాట నెమ్మదిగా దానంతటదే తగ్గిపోతుంది.

రంగీన్ మహల్ మాత్రం వదలొద్దు. బయటి నుంచి చూస్తే ఏమీ లేనట్టుంటుంది. చాలామంది తాళం చూసి వెనక్కి వెళ్లిపోతారు. కోటలో మ్యూజియం దగ్గర ఉండే సిబ్బందిని అడగండి. వాళ్లకి తీరిక ఉంటే తెరిచి చూపిస్తారు. లోపల చెక్క స్తంభాల మీద చెక్కడం, గోడల మీద రంగు పలకలు, నల్లరాతిలో ముత్యపు చిప్ప పొదిగిన పని. బరీద్‌షాహీల కాలంలో, ముఖ్యంగా అలీ బరీద్ హయాంలో చేయించినవి. నల్లటి నేల మీద తెల్లటి మెరుపు. బజారులో బిద్రీ సామాను, అంటే నల్ల లోహంలో వెండి పొదిగిన వస్తువులు చూసినప్పుడు ఈ గోడ మళ్లీ గుర్తొస్తుంది.

ఇక మహమూద్ గవాన్ మదర్సా. ఈ ఒక్క కట్టడం కోసమైనా బీదర్ వెళ్లాలని నేనంటాను. గవాన్ ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతంవాడు. వ్యాపారిగా వచ్చి బహమనీలకి ప్రధానమంత్రి అయ్యాడు. 1472లో ఈ మదర్సా కట్టించాడు. మూడు అంతస్తులు, విద్యార్థులకి గదులు, పాఠం చెప్పే హాళ్లు, గ్రంథాలయం, మసీదు. ముఖభాగమంతా నీలం, తెలుపు, పసుపు మెరుపు పలకలు. ఇంత ఇరానీ పద్ధతిలో కట్టింది మన దేశంలో అరుదు. ఇప్పుడు సగమే మిగిలింది. ఔరంగజేబు కాలంలో ఇక్కడ మందుగుండు దాచారు. 1696లో అది పేలి ముందు భాగం, ఒక మినారు కూలిపోయాయి. మిగిలిన మినారు మీద పలకలు ఇంకా అంటుకుని ఉన్నాయి. ముఖభాగం తూర్పు వైపు ఉంటుంది కాబట్టి పొద్దున్నే వెళ్లండి. మధ్యాహ్నం దాటితే రంగులు నీడలో మందగిస్తాయి.

గవాన్ కథలో మన తెలుగు ఊరు ఒకటి కూడా ఉంది. కోస్తా ఆంధ్ర మీద గజపతులతో బహమనీలు పోరాడిన రోజులవి. దర్బారులో గిట్టనివాళ్లు ఆయన ముద్ర ఉన్న ఖాళీ కాగితం సంపాదించి, ఒరిస్సా రాజుని దండెత్తి రమ్మని గవాన్ రాసినట్టు ఉత్తరం పుట్టించారు. సుల్తాన్ విచారణ కూడా చేయకుండా ఆ ముసలాయన తల తీయించాడు. 1481 ఏప్రిల్‌లో అది జరిగింది మన కొండపల్లి విడిదిలో. బొమ్మల కోసం కొండపల్లి వెళ్లే మనలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? ఆయన పోయాక రాజ్యం నిలబడలేదు. ఆయన సమాధి బీదర్ ఊరి బయట గోర్నళ్లి దగ్గర ఉంది. గుమ్మటం లేదు, పలకలు లేవు, సాదా గోరీ. ఇంత మదర్సా కట్టినవాడు అంత సాదాగా పడుకున్నాడంటే నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

ఊరికి తూర్పున అష్టూర్‌లో బహమనీ సుల్తాన్ల సమాధులు వరసగా ఉంటాయి. పొలాల మధ్యలో, పెద్దగా జనం లేకుండా. హుమాయూన్ షా సమాధి మీద పిడుగు పడి గుమ్మటం సగానికి చీలింది. ఆ చీలికలోంచి గోడ ఎంత మందమో, లోపల ఇటుక ఎలా పేర్చారో కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. ఏ పుస్తకమూ ఇంత బాగా చెప్పలేదు. దాని పక్కన అహ్మద్ షా సమాధి. లోపలంతా బంగారం, ఎరుపు, నీలం రంగుల్లో రాతలు, తీగలు. మొదటిసారి వెళ్లినప్పుడు చీకట్లో ఏమీ కనిపించలేదు. అక్కడ చూసుకునే పెద్దాయన బయట గుమ్మంలో అద్దం పట్టుకుని ఎండని లోపలికి తిప్పాడు. ఆ వెలుగు గుమ్మటం మీద ఒక్కో అక్షరాన్నీ తడుముకుంటూ వెళ్తుంటే మా అమ్మ అలాగే నేల మీద కూర్చుండిపోయింది. దయచేసి అక్కడ ఫ్లాష్ కొట్టొద్దు. ఆరు వందల ఏళ్ల నాటి రంగులు అవి.

ఈ అహ్మద్ షాని ముస్లింలు వలీ, అంటే పుణ్యపురుషుడు అంటారు. లింగాయతులు తమ శరణుడు అల్లమప్రభు అని కొలుస్తారు. ఇక్కడ ఏటా జరిగే ఉర్సు, అంటే వర్ధంతి ఉత్సవం, హిందూ పంచాంగం ప్రకారం వస్తుంది. ఈ ప్రాంతం గురించి ఎవరైనా ఒక్క వాక్యంలో తేల్చేయబోతే నేను ఈ సమాధి గురించే చెప్తాను.

బిద్రీ పనిని చూడకుండా బీదర్ వదలకండి. కొనడం తరవాత సంగతి. పాత ఊళ్లో చౌబారా బురుజు చుట్టుపక్కల వీధుల్లో దుకాణాలు, వాటి వెనకే పనిచేసే చోట్లు ఉంటాయి. మర్యాదగా అడిగితే చూపిస్తారు. జింకు ఎక్కువ, రాగి కొంచెం కలిపి పోత పోస్తారు. ఆకురాయితో నునుపు చేసి, మైలతుత్తం నీళ్లు పూసి కాసేపటికి నల్లబరుస్తారు. దాని మీద ఉలితో బొమ్మ గీసి, ఆ గాడిలో వెండి తీగనో రేకునో కొట్టి కూర్చుతారు. చివరికి కోటలోని పాత మట్టి, నవసాగరం కలిపిన ముద్దతో రుద్దుతారు. లోహం పూర్తిగా నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మిగులుతుంది. ఎండా వానా తగలని పాత చోటి మట్టినే వాడతారు. పనివాళ్లు చిటికెడు నాలుక మీద వేసుకుని మట్టి మంచిదో కాదో చెప్తారు. 2006లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. బీదర్ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ వచ్చింది. కొనాలనుకుంటే చిన్నదైనా సరే, అంచుల్లో వెండి లేవకుండా, గీత తెగకుండా ఉన్నది చూసి తీసుకోండి. గంటలకొద్దీ బేరం ఆడొద్దని నా మనవి. ఒక చిన్న డబ్బా వెనక ఎన్ని చేతులు పనిచేశాయో చూశాక బేరం ఆడాలని మీకే అనిపించదు.

పిల్లలు గుమ్మటాలతో విసుగెత్తితే నానక్ ఝీరా గురుద్వారాకి తీసుకెళ్లండి. ఊట నీళ్లు, లంగర్ భోజనం. దేవాలయం చూడాలనుకునేవాళ్లకి నీళ్లలో నడిచి వెళ్లే నరసింహ ఝరణీ గుహ ఉంది. నౌబాద్ వైపు బహమనీల కాలం నాటి కరేజ్ ఉంది. ఇరాన్ పద్ధతిలో భూమి లోపల తవ్విన నీటి కాలువ. ఒక్కరోజులో ఇవన్నీ కుదరవు, ఒకటి ఎంచుకోండి.

గుల్బర్గా: చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లకి, దర్గాకి వెళ్లేవాళ్లకి

గుల్బర్గా గురించి నిజం చెప్పాలి. అందమైన టూరిస్టు ఊరు కాదు. రద్దీ, దుమ్ము, బీదర్ కంటే ఎక్కువ ఎండ. "ఏదో ఫొటోలు తీసుకుందాం" అనుకునేవాళ్లకి బీదర్ చాలు. కానీ ఈ కట్టడాలు ఎక్కడ మొదలయ్యాయో తెలుసుకోవాలనుకుంటే ఇక్కడికి రాక తప్పదు.

కోటలోని జామా మసీదు మీద 1367 నాటి శాసనం ఉంది. మన దేశంలో పెద్ద మసీదులకి మధ్యలో తెరిచిన ముంగిలి ఉంటుంది. దీనికి లేదు. మొత్తం కప్పేశారు. నడిమధ్యన కాదు, ఖిబ్లా వైపు, అంటే నమాజులో ముఖం తిప్పే మక్కా దిక్కున, ఒక పెద్ద గుమ్మటం, నాలుగు మూలలా నాలుగు, మిగతా పైకప్పంతా చిన్న చిన్న గుమ్మటాలు. లోపలికి వెళ్తే తెల్లని కమాను వెనక కమాను, దాని వెనక ఇంకో కమాను. పక్క వసారాల్లో కమానులు చాలా వెడల్పుగా, తక్కువ ఎత్తు నుంచే మొదలవుతాయి. ఎక్కడా నగిషీ లేదు, రంగు లేదు. పక్క నుంచి వెలుతురు వచ్చి నేల మీద పడుతుంటుంది. ఖాళీగా ఉన్న మధ్యాహ్నం ఒక అరగంట గోడకి ఆనుకుని కూర్చోండి. బీదర్ పలకలు, బీజాపూర్ ఎత్తు నాకు ఎంత ఇష్టమైనా, ఈ మసీదులో దొరికే నెమ్మది ఇంకెక్కడా దొరకలేదు.

కోటలో మిగతావి త్వరగా అయిపోతాయి. బాలా హిస్సార్ అనే బరువైన కట్టడం, పొడవైన ఫిరంగి. కోట ప్రాకారాలు చాలాచోట్ల దెబ్బతిన్నాయి, గడ్డి మొలిచింది. దానికి సిద్ధపడి వెళ్లండి.

ఖ్వాజా బందేనవాజ్ గేసూదరాజ్ దర్గా ఊరికి ప్రాణం. ఆయన 1321లో ఢిల్లీలో పుట్టారు, బాల్యం దౌలతాబాద్‌లో గడిచింది. తైమూర్ దాడి రోజుల్లో ఢిల్లీ వదిలి, 1400 ప్రాంతంలో గుల్బర్గా చేరారు. అప్పటికి ఆయనకి ఎనభై దగ్గర. ఆ వయసులో కొత్త ఊళ్లో మొదలుపెట్టి, నూరేళ్లు దాటి బతికి 1422లో పోయారు. హైదరాబాద్, రాయలసీమ నుంచి ఇక్కడికి మొక్కులకి వచ్చే కుటుంబాలు, హిందువులతో సహా, తరాలుగా ఉన్నాయి. ఉర్సు ఇస్లామీ పంచాంగంలోని జిల్‌ఖాద నెల నడిమధ్యలో వస్తుంది. ఆ రోజుల్లో ఊరు కిక్కిరిసిపోతుంది. భక్తితో వెళ్లేవాళ్లకి అదే సమయం. కట్టడాలు చూడటానికి వెళ్లేవాళ్లు మాత్రం ఆ వారం మానుకోవడం మేలు, గది దొరకడమే కష్టం.

దర్గాకి దగ్గర్లోనే హఫ్త్ గుంబద్. పేరుకి అర్థం ఏడు గుంబజులే, మన కుతుబ్‌షాహీ సమాధులకి మనం పిలిచే పేరే. బహమనీ సుల్తాన్లు, వాళ్ల వాళ్ల సమాధులు. ఇక్కడ నడుస్తూ హైదరాబాద్ ఏడు గుంబజుల్ని మనసులో పెట్టుకోండి. తొలి సమాధుల గోడలు మందంగా, కాస్త వాలుగా, గుమ్మటం బోర్లించిన చిప్పలా అణిగి ఉంటాయి. తుగ్లక్‌ల ఢిల్లీ పోలిక అది. 1422లో పోయిన ఫిరోజ్ షా సమాధి దగ్గరకొచ్చేసరికి రెండు గుమ్మటాలు, రెండు వరసల కమానులు, లోపల సున్నపు నగిషీ మొదలయ్యాయి. తరవాత బీదర్ వెళ్తే గుమ్మటం పైకి లేస్తుంది, రంగు వస్తుంది. బీజాపూర్‌లో, గోల్కొండలో గుమ్మటం అడుగున తామర రేకులు విచ్చుకుంటాయి. గుల్బర్గాతో మొదలుపెట్టమని నేను చెప్పేది ఇందుకే. బీజాపూర్ చూసొచ్చి గుల్బర్గా వస్తే "ఇదేంటి, ఇంత సాదాగా ఉంది" అనిపిస్తుంది. ముందు గుల్బర్గా చూస్తే, తరవాత చూసే ప్రతి గుమ్మటంలో ఏది కొత్తగా చేరిందో మీ కళ్లే పట్టుకుంటాయి.

పొద్దున్నే గుల్బర్గా తహరీ తినండి. ఊరికి పేరు తెచ్చిన వంట, ఇక్కడివాళ్లకి అది టిఫిన్.

బీజాపూర్: పెద్ద కట్టడాలు, పెద్ద ప్రయాణం

బీజాపూర్‌ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. మూడింటిలో నిర్మాణపరంగా శిఖరం అదే. అందుకే దానికి కనీసం రెండు రాత్రులు ఇమ్మంటున్నాను.

గోల్ గుంబజ్ మహమ్మద్ ఆదిల్ షా సమాధి. ఆయన 1656లో పోయాడు. లోపల గుమ్మటం అడ్డుకొలత సుమారు 124 అడుగులు. ఒక్క స్తంభం లేదు. నాలుగు గోడల చదరం మీద అంత గుండ్రటి బరువు ఎలా నిలిచిందని పైకి చూస్తే, ఒకదాన్నొకటి కోసుకుంటూ వెళ్లే ఎనిమిది కమానులు కనిపిస్తాయి. చదరాన్ని నెమ్మదిగా వలయంగా మార్చింది అవే. ఏడు అంతస్తుల ఇరుకు మెట్లు ఎక్కితే గుమ్మటం చుట్టూ వసారా వస్తుంది. ఇటు గోడ దగ్గర గుసగుసగా అన్న మాట అటువైపు గోడ దగ్గర చెవికి తగులుతుంది. చప్పట్లు కొడితే ఆ చప్పుడు మళ్లీ మళ్లీ తిరిగొస్తుంది. ఇక్కడే చిక్కు. పది దాటితే స్కూలు బస్సులు వస్తాయి, అందరూ ఒకేసారి కేకలు వేస్తారు, మీకు గోల తప్ప ఏమీ వినపడదు. తెరిచే వేళకే, పొద్దున్నే వెళ్లండి. ఆ మొదటి గంటలో గుసగుస నిజంగా వినిపిస్తుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు ఈ మెట్లు ఎక్కలేరు, కింద నిలబడి చూసినా చాలా ఉంది.

గోల్ గుంబజ్ కంటే నా మనసు ఇబ్రహీం రౌజా మీదే. రెండో ఇబ్రహీం ఆదిల్ షా 1580 నుంచి 1627 దాకా పాలించాడు. సంగీతం అంటే ప్రాణం పెట్టినవాడు, సరస్వతిని స్తుతిస్తూ పాటలు రాసిన సుల్తాన్, జనం జగద్గురు బాదుషా అన్నారు. ఒకే అరుగు మీద ఎదురెదురుగా సమాధి, మసీదు, మధ్యలో నీళ్ల కోనేరు. కిటికీలకి అక్షరాలనే జాలీగా చెక్కారు. అక్షరాల సందుల్లోంచి వెలుతురు లోపలికి వస్తుంది. చూరు కింద ఒకే రాతిలోంచి చెక్కిన గొలుసులు వేలాడుతుంటాయి. సాయంత్రం రెండు గంటలు దీనికే ఇవ్వండి. పరిమాణం చూడాలనుకునేవాళ్లు గోల్ గుంబజ్‌కి, పనితనం చూడాలనుకునేవాళ్లు ఇక్కడికి.

మిగిలినవాటిలో జామా మసీదు తప్పనిసరి. 1565 యుద్ధంలో విజయనగరం ఓడిపోయాక మొదటి అలీ ఆదిల్ షా మొదలుపెట్టించాడు. గుల్బర్గా మసీదు చూసినవాళ్లకి ఇక్కడ కమానుల ఎత్తు చూసి రెండు వందల ఏళ్లలో ఎంత దూరం వచ్చారో అర్థమవుతుంది. మలిక్-ఎ-మైదాన్ ఫిరంగి పిల్లలకి బాగా నచ్చుతుంది. సుమారు 55 టన్నుల బరువు, మూతి దగ్గర ఏనుగుని మింగుతున్న మృగం బొమ్మ. అహ్మద్‌నగర్‌లో పోత పోసి ఇక్కడికి తెచ్చారు. బారా కమాన్ రెండో అలీ ఆదిల్ షా సమాధి, పూర్తి కాలేదు. నల్లటి కమానులు ఆకాశానికి తెరుచుకుని ఉంటాయి. వీటి మధ్య తిరగడానికి ఆటో మాట్లాడుకోండి, గుర్రబ్బండి దొరికితే ఇంకా మంచిది.

భోజనానికి ఏదైనా ఖానావళిలో కూర్చోండి. జొన్న రొట్టె, నూనె వంకాయ, పల్లీల పొడి, పెరుగు. తెలంగాణ పల్లెల్లో పెరిగినవాళ్లకి ఇది కొత్త తిండి కాదు, ఇంటి తిండే.

ఏది దేనితో కలపాలి

హైదరాబాద్ నుంచి మూడు రోజులు ఉంటే తాండూర్, సేడం, మల్ఖేడ్ మీదుగా గుల్బర్గా వెళ్లండి. మల్ఖేడ్ అంటే రాష్ట్రకూటుల మాన్యఖేటం, కాగిణా నది ఒడ్డున ఒక గంట ఆగొచ్చు. ఆ రాత్రి గుల్బర్గాలో. మర్నాడు మధ్యాహ్నం దాకా అక్కడే చూసి, హుమ్నాబాద్ మీదుగా బీదర్. హుమ్నాబాద్ పక్కనే మాణిక్‌నగర్‌లో మాణిక్ ప్రభు సంస్థానం ఉంది, హిందువులు, ముస్లింలు ఇద్దరూ వచ్చే చోటు. మూడో రోజంతా బీదర్, రాత్రికి ఇంటికి. కట్టిన వరసలోనే చూసినట్టవుతుంది, ఏ రోజూ ప్రయాణం మితిమీరదు. కారు లేనివాళ్లకి ముంబై వైపు వెళ్లే చాలా రైళ్లు గుల్బర్గాలో ఆగుతాయి. 2017లో బీదర్, గుల్బర్గా మధ్య రైలు మార్గం కూడా తెరిచారు.

రాయలసీమ వాళ్లకి లెక్క వేరు. కడప, గుంతకల్లు, ఆదోని మీదుగా ముంబై వెళ్లే రైలు నేరుగా గుల్బర్గా చేరుస్తుంది. కాబట్టి వాళ్లకి గుల్బర్గాయే దగ్గరి గుమ్మం, బీదర్ అక్కడినుంచి పక్క ఊరు.

బీజాపూర్‌ని హంపీతోనో, బాదామి, పట్టదకల్లుతోనో కలపండి. నా సలహా హంపీ. ఎక్కడివాళ్లయినా ముందు హంపీలో రెండు రోజులు ఉండి, తరవాత బీజాపూర్ వెళ్తే 1565 యుద్ధానికి అటూ ఇటూ ఉన్న రెండు రాజధానులూ కళ్లముందుంటాయి. హంపీలో తామర మహల్ కమానులు చూసినవాళ్లు బీజాపూర్‌లో వాటి చుట్టాల్ని గుర్తుపడతారు. యుద్ధం చేసుకున్నవాళ్లే ఒకరి దగ్గర ఒకరు పని నేర్చుకున్నారు.

ఏ ఊరికైనా నవంబర్ నుంచి ఫిబ్రవరి మంచిది. సెప్టెంబర్‌లో వానలు తగ్గాక అష్టూర్ పొలాలు పచ్చగా ఉంటాయి, అప్పుడూ బాగుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లొద్దు. సమాధుల దగ్గర, మసీదుల్లో చెప్పులు విప్పాలి, ఎండలో రాయి అరికాళ్లు కాలుస్తుంది, మేజోళ్లు తీసుకెళ్లండి. దర్గాలో తలమీద రుమాలో కొంగో ఉండాలి, ఆడవాళ్లని ఎక్కడిదాకా రమ్మంటే అక్కడిదాకే వెళ్లాలి. నమాజు వేళకి మసీదులో ఫొటోలు ఆపేయండి. చిన్న టార్చి, నీళ్లు మర్చిపోవద్దు.

వచ్చే ఆదివారం ఒక్కటే ఖాళీ ఉన్నవాళ్లకి నా బీదర్ లెక్క ఇది. ఐదున్నరకి బయల్దేరి తొమ్మిదిలోపు మదర్సా ముందు ఉండండి, ఎండ నేరుగా పలకల మీద పడుతుంటుంది. పది నుంచి ఒంటిగంట దాకా కోట, అందులో రంగీన్ మహల్ తెరిపించుకోవడానికి ఓపిక పట్టండి. భోజనం తరవాత చౌబారా దగ్గర బిద్రీ పని. నాలుగున్నరకి అష్టూర్. అహ్మద్ షా సమాధి లోపల చూశాక, బయట అరుగు మీద కూర్చుని చీలిన గుమ్మటం మీద ఎండ ఎర్రబడేదాకా ఉండండి. ఆరున్నరకి కారు ఎక్కితే పదిలోపు ఇల్లు చేరతారు.